ప్రేమాస్వరూపియైన త్రియేక దేవుడు

ధ్యానభాగము: 1 యోహాను 4:7-16

ఈ ఉదయము త్రియేక దేవుని ప్రేమను గూర్చి ధ్యానించుకుందాము.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఒక సహోదరి నన్ను అడిగింది: "అయ్యగారూ, మీకు ముగ్గురు దేవుళ్లేటి అని మా వీధిలోవాళ్లు అడుగుతున్నారు. ఏమి చెప్పమంటారు?" మీలో చాలామందికి ఈ ప్రశ్న ఎదురై ఉంటుంది. నేను వంగర మండలములోని సంగాం సంగతి చెప్పాను. అక్కడ నాగావళి, సువర్ణముఖి, వేగావతి కలుస్తాయి. "మూడు నదులు, నీరు ఒక్కటే గదా" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "కలిశాక మిగతా రెండు పేర్లూ పోయి నాగావళి ఒక్కటే మిగులుతుంది గదండీ" అన్నది. ఆమె మాట నిజము. నా ఉపమానము చాలలేదు.

దేవునిలో ఎవరూ కరిగిపోరు. మత్తయి 3:16-17 చూడండి. కుమారుడు యొర్దాను నీళ్లలోనుండి ఒడ్డుకు వచ్చాడు, ఆత్మ పావురమువలె దిగాడు, తండ్రి పరలోకమునుండి పలికాడు. ముగ్గురు, అయినా దేవుడొక్కడే. త్రిత్వము అనే మాట బైబిలులో లేదు. కాని ఆ సత్యమున్నది. అందుకే 325లో నీకయలో కూడిన సంఘ పెద్దలు, కుమారుడు సృష్టింపబడినవాడు కాడని, తండ్రితో ఏకస్వభావము గలవాడని ఒప్పుకొన్నారు.

వారికెందుకంత పట్టుదల? ఆలోచించండి. ప్రేమించుటకు ఎదుట ఒకరుండాలి. ఆదినుండి దేవుడు ఒంటరివాడైతే, లోకమును చేయకముందు ఎవరిని ప్రేమించాడు? మనలను చేసిన తరువాతే ప్రేమించుట నేర్చుకొన్నాడా? కాదు. జగత్తు పునాదికి ముందే తండ్రి తనను ప్రేమించాడని యోహాను 17:24లో ప్రభువే ప్రార్థించాడు. కనుక దేవుడు తోడు లేక మనలను చేయలేదు. నిండుగా ఉన్న ప్రేమలోనుండి చేశాడు. ఆ ప్రేమనే పరిశుద్ధాత్మ మన హృదయాలలో కుమ్మరిస్తున్నాడని రోమా 5:5 చెబుతున్నది. వలస వెళ్లిన బిడ్డ ఫోను కోసం ఎదురుచూస్తున్న తల్లీ, ఇక నావల్ల ఎవరికేమి ఉపయోగమని అనుకొంటున్నావా? ఉపయోగము చూసి నిన్ను ప్రేమించినవాడు కాడు ఆయన.

ఇదంతా చెప్పే నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. మాది ఉద్దానము. జీడితోట పంపకములో గట్టు దగ్గర మాట పెరిగి, రెండేళ్లు మా తమ్ముడితో మాట్లాడలేదు. ఆ రెండేళ్లూ త్రిత్వమును గూర్చి ప్రసంగిస్తూనే ఉన్నాను! 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా తీరమును దాటింది. తెల్లవారేసరికి జీడిచెట్లు, కొబ్బరిచెట్లు కూలిపోయి, ఏ గట్టు కోసము తగవుపడ్డామో ఆ గట్టే కనబడలేదు. మా గుమ్మానికి అడ్డముగా పనసచెట్టు పడింది. బయట గొడ్డలి చప్పుడు విని సందులోనుండి చూశాను. మా తమ్ముడు! "అన్నియ్యా, లోపలందరూ బాగున్నారేటి?" అన్నాడు. అప్పటికి అతని ఇంటి రేకులు ఎగిరిపోయి ఉన్నాయి. అయినా ముందు నా గుమ్మానికి వచ్చాడు. నాతో అతనికి అవసరమేమీ లేదు. పెద్దవాడిని, సేవకుడిని, నేను ముందు వెళ్లవలసినవాడిని.

శ్రోతలారా, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల ఐక్యతను ఒప్పుకొనే నోటితో తోబుట్టువును పలకరించకపోతే మన ఒప్పుకోలు దేనికి? ఒకే బల్ల యొద్ద రొట్టె తీసికొని, గుడి మెట్లు దిగగానే ముఖము తిప్పుకొనేవారు మన సంఘాలలో లేరా? ఈ వారము మీరు వెళ్లవలసిన గుమ్మమేదో మీకు తెలుసు. తుఫాను వచ్చేదాకా ఆగకండి.

ప్రార్థన చేసుకుందాము. తండ్రీ, లోకము పుట్టకముందే నీ కుమారుని ప్రేమించిన నీవు ఆ ప్రేమలో మాకు చోటిచ్చావు. నీ ఆత్మ ద్వారా మా మొండి హృదయాలను మెత్తపరచుము. మేము పలకరించని వారి యొద్దకు మమ్మును నడిపించుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.