మాటకు రశీదు
(జి.కొండూరు గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



ఈ వేదికపై నిలిచి మాటలాడుటకు తగిన పాండిత్యము నాకు లేదు. బడిలో నేను చదివినది స్వల్పము. గ్రామపు లెక్కలు వ్రాయుట నా జీవిక. భారత భాగవతములను గురుముఖమున చదువుకొను భాగ్యము లేక, ఈ గ్రంథాలయపు బల్లయొద్ద నిఘంటువును ప్రక్కన పెట్టుకొని, తెలిసినంత తెలిసికొన్నవాడను. కావున దీనిని పండితోపన్యాసముగా నెంచవలదు. నిఘంటువునకు ఋణపడిన ఒక లెక్కలవాని విన్నపముగా వినుడు.

లెక్కలలో మాకొక నియమమున్నది. ఖర్చు వ్రాసినచో రశీదు చూపవలెను. రశీదు లేని పద్దు, వ్రాసినవాడెంత సత్యసంధుడైనను, తనిఖీకి నిలువదు. నిఘంటువునకును ఈ నియమమే వర్తించును. ఒక మాటకొక అర్థమున్నదని వ్రాసినంతనే చాలదు. ఆ అర్థమున దానిని ఎవరు, ఏ గ్రంథమున, ఎప్పుడు వాడిరో చూపవలెను. అట్లు చూపెడి వాక్యమునే ప్రయోగమందురు. ప్రయోగమే మాటకు రశీదు.

మన పూర్వ నిఘంటుకారులు ఈ సంగతి నెరుగనివారు కారు. బ్రౌనుదొర 1852లో వెలువరించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యముల ప్రయోగములు చూపెను. బహుజనపల్లి సీతారామాచార్యులవారు 1885 నాటి శబ్దరత్నాకరములో పద్యపాదముల నుదాహరించిరి. పిఠాపురము మహారాజావారి పోషణమున ఆంధ్రసాహిత్య పరిషత్తువారు తలపెట్టిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటము 1936లో వెలువడి, తుదకు 8 సంపుటములైనది. ఒక్కొక్క మాటకు ప్రయోగము వెదకుటలో ఎందరు పండితుల కన్నులు అలసినవో ఆ సంపుటములు తిప్పినవారికి తెలియును.

అయినను ఒక కొరత మిగిలినది. ఆ మహనీయులు ప్రధానముగా కావ్యములను వెదకిరి. వచనము, వృత్తిపదములు, కచేరీ మాటలు చాలవరకు వెలుపల నిలిచినవి. పాత నిఘంటువులలో పెక్కు చెట్లకు ‘వృక్షవిశేషము’ అను అర్థము మాత్రమే కానవచ్చును. మన పొరుగున కొండపల్లిలో తెల్లపొణికి చెక్కతో బొమ్మలు చేయువానికి ఆ అర్థము ఏమి చెప్పును? ఆ చెక్క తేలికయని, చెక్కుటకు అనువైనదని తెలుపు ఒక్క వాక్యమును ఏ పాత పుస్తకమునుండియైనను తెచ్చి చేర్చినచో, ఆ మాటకు ప్రాణము వచ్చును.

నేడు ఆ వాక్యమును చేర్చు అవకాశము మనవంటివారికి కూడ కలిగినది. ఆంధ్రభారతివారి అంతర్జాలపుటలో ఒక్క మాట టైపు చేసినచో అనేక నిఘంటువులు ఒక్కసారి పలుకును. చికాగో విశ్వవిద్యాలయమువారు బ్రౌను నిఘంటువును అందరికి అందుబాటులో నుంచిరి. తెలుగు విక్షనరీలోనైతే ఎవరైనను మాట చేర్చవచ్చును, ప్రయోగము చేర్చవచ్చును, తప్పు దిద్దవచ్చును. పిఠాపుర సంస్థానము పోషింపవలసిన పనిలో ఒక పిడికెడు పని, పొలమునుండి వచ్చిన రైతు చేతి ఫోనుతో నెరవేరును.

అయితే వాకిలి తెరచియున్నచోట జాగ్రత్త కూడ హెచ్చుగా నుండవలెను. నా పొరపాటునే చెప్పెదను. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణము సుప్రీంకోర్టులో ద్విభాషి. 1830లో కాశికి బయలుదేరి 1831లో తిరిగివచ్చిరి. వారి కాశీయాత్రా చరిత్ర 1838లో అచ్చైనది. నాటి వాడుకభాషకు అది గొప్ప సాక్ష్యము. దానిలోనిదని ఒక ప్రయోగమును నేను మిక్కిలి ఉత్సాహముతో విక్షనరీలో చేర్చి, 1838 అని సంవత్సరము వేసితిని. నా చేతిలోనున్నది దిగవల్లి వేంకట శివరావుగారు సంపాదించి బెజవాడలో 1941లో ప్రకటించిన ప్రతి. కొన్ని నెలలకు మరల తిరుగవేయగా, నేను చేర్చిన వాక్యము వీరాస్వామయ్యగారిది కాదని, సంపాదకులు వ్రాసిన పీఠికలోనిదని కంటబడినది. పద్దులో 103 సంవత్సరముల తేడా! జీవితమంతయు ఇతరుల లెక్కలలో రూపాయి తేడాలు పట్టిన వాడను, నా లెక్కలో శతాబ్దమును జారవిడిచితిని. ఆ రాత్రియే దిద్దితిని. కాని ఈ మధ్యకాలమున దానిని నమ్మి వాడుకొన్నవారి పుస్తకములను ఎవరు దిద్దగలరు?

ఈ చిక్కు పలుచోట్ల నున్నది. చికాగోవారు ఉంచిన బ్రౌను నిఘంటువు 1903లో ఇతర పండితులు సవరించి పెంచిన ముద్రణము. దానిలో కనబడిన ప్రతి మాటయు 1852 నాటిదని చెప్పరాదు. గురజాడవారి కన్యాశుల్కము 1897లో ఒక రూపమున, 1909లో మిక్కిలి పెరిగిన మరియొక రూపమున వెలువడినది. రెండవదానిలోని మాటకు మొదటిదాని సంవత్సరము వేయుట దొంగరశీదే యగును. నన్నయభట్టారకుని ప్రయోగము చూపినప్పుడు, కవి పదునొకండవ శతాబ్దివాడైనను, మనము చూచిన ముద్రణ సంవత్సరమును గూడ వ్రాయవలెను. కవికిని మనకును నడుమ వ్రాయసగాడు, పరిష్కర్త, అచ్చుకూర్పరి ఉన్నారు గదా.

పాత పుస్తకములపై సంవత్సరము తెలుగు పేరుతో మాత్రమే యున్నచో మరియొక చిక్కు. ‘విళంబి’ అని యున్నదనుకొందము. అది 1838-39 కావచ్చును, 1898-99 కావచ్చును. అరువదేండ్లకొకసారి ఆ పేరు తిరిగి వచ్చును. శకవర్షము గాని, ముద్రాక్షరశాల పేరు గాని కలిసిన తరువాతనే నిర్ణయింపవలెను.

ఇక అక్షరముల మాట. ‘ధర్మము’ అని వ్రాయునపుడు నేడు మనము రకారము క్రింద మవత్తు నుంచుచున్నాము. పూర్వపు అచ్చులో మకారము ప్రక్కన వలపలగిలక నుంచెడివారు. చూపునకది మన తెలుగు తొమ్మిది అంకెవలె నుండును. తెలియనివాడు దానిని ‘ధమ౯ము’ అని అంకెతో ఎక్కించినచో, ఆ మాట వెదకువారికి ఎన్నటికిని దొరకదు. కావున వలపలగిలకను నేటి రేఫగా వ్రాయుట న్యాయము. అది అదే అక్షరమునకు వేరు వేషము. అరసున్నను, బండిఱాను మాత్రము తొలగింపరాదు. అవి గ్రంథకర్త కాలపు వర్ణక్రమమునకు గుర్తులు. అచ్చుతప్పు స్పష్టముగా నున్నను మూలమును అట్లే యుంచి, సవరణను వేరుగా చూపవలెను. పద్దును గీకి దిద్దుటకంటె ప్రక్కన వ్రాసి సంతకము చేయుట మేలని లెక్కలవాడెరుగును.

సోదరులారా, ఈ సంగతులను ఈ దినమున చెప్పుటకొక కారణమున్నది. మన గ్రంథాలయపు వెనుకగదిలో, పాత కుటుంబములవారు ఇచ్చిన పుస్తకములు రెండు పెట్టెలున్నవి. అట్టలు ఊడినవి, పురుగు తిన్నవి. రజతోత్సవమునకు గది శుభ్రపరచవలెనని, వాటిని కాగితముల వర్తకునికి తూకమునకు ఇచ్చిన బాగుండునని కార్యవర్గములో ఒక ఆలోచన వచ్చినది. చెప్పినవారిని తప్పుపట్టను. చెదపురుగు క్రొత్త పుస్తకములకు ప్రాకునని వారి భయము. ఆ భయము నాకును గలదు.

కాని తూకము వేయుటకు ముందు ఒక్క యేడాది గడువిండు. ఆ పెట్టెలను వేరు గదికి చేర్చి, ఎండలో గాక నీడలో ఆరబెట్టి, దుమ్ము దులుపుదము. మొదట ప్రతి పుస్తకపు ముఖపత్రమును, చివరి పుటను ఫోటో తీయుదము. ముఖపత్రము పోయిన పుస్తకము, పేరు చిరిగిన రశీదు వంటిది. గ్రంథకర్త మరణించిన పిమ్మట 60 సంవత్సరములు గడచిన గ్రంథములపై మన దేశ చట్టము ప్రకారము హక్కులుండవు. అట్టివానిని పుటపుటయు తీసి వికీసోర్సునకు ఎక్కింపవచ్చును. పదవ తరగతి బాలురకు చేతివాటము గలదు, పెద్దలకు మాటల యెరుక గలదు. ఇరువురును ఒక బల్లకు చేరినచో పని నడచును. పెద్దమ్మలు తాతలు పలుకు మాటలలో ఏ నిఘంటువునకును ఎక్కనివి ఎన్ని గలవో, వాటిలో ఏవి ఆ పాత పుటలలో దాగియున్నవో అప్పుడు గాని తేలదు.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిననాడు పెద్దలు కోరినది పుస్తకము పల్లెకు రావలెనని. వారి కోరిక ఈ ఊర ఫలించి పాతికేండ్లయినది. ఇప్పుడు పల్లెలోని పుస్తకము లోకమునకు పోవలసిన వంతు వచ్చినది. కార్యవర్గమువారు ఈ గడువు నిచ్చినచో, ప్రతి ఆదివారము మధ్యాహ్నము ఆ పెట్టెలయొద్ద కూర్చుండుటకు నేను పేరు వ్రాయించుకొనుచున్నాను. నా తోడ కూర్చుండువారు సభానంతరమున చెప్పిన చాలును.