రంపానికి కొత్త పిడి



ములుగు జిల్లా మేడారం తెలియనిది ఎవరికి? 2016 వరకు అది వరంగల్ జిల్లాలోనే ఉండేది. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి అక్కడ సమ్మక్క సారలమ్మ జాతర. జాతరంటే పందిళ్ళు. పందిరికి వెదుళ్ళు కోయాలి, గుంజలు కోయాలి. రంపం లేనిదే పని సాగదు.

మేడారంలో ఒక ఇల్లు అనుకోండి. జాతర పది రోజులుంది. కొబ్బరికాయల కొట్టుకు పందిరి వేయాలి. రంపం పిడి విరిగింది. తండ్రి దానికి గుడ్డ చుట్టి కోశాడు. చెయ్యి జారింది. బొటనవేలు తెగింది.

"నాయినా, దీన్ని పారేసి కొత్తది కొందాం" అన్నాడు కొడుకు.

"రేకు మంచిగనే ఉంది బిడ్డా. పోయింది పిడే."

"అయితే అడవికి పోయి కర్ర తెస్త."

"వద్దు. అడవిలో చెట్టు కొడితే కేసు. పైగా పచ్చి కర్ర ఎండితే పగులుతది. రేకు వదులైతది."

కోడలు పాత టేకు తలుపు చెక్క తెచ్చింది. "మామా, ఇది పనికొస్తదా?" చెక్క అంగుళం మందం ఉంది. బాగా ఎండింది.

ఇక పిడి ఎట్లా చేశారో వినండి.

పాత పిడి మరలు విప్పారు. విరిగిన ముక్కలు కాగితం మీద కలిపి పెట్టారు. చుట్టూ పెన్సిలుతో గీశారు. ఆ కాగితాన్ని చెక్క మీద పెట్టారు. చెక్కలో సన్నని గీతలు ఉంటాయి. చేతితో పట్టే చోట ఆ గీతలు పొడవునా సాగాలి. అడ్డంగా ఉంటే పిడి మళ్ళీ అక్కడే విరుగుతుంది.

పక్కింటి రంపం అడిగి తెచ్చి గీత వెంట కోశారు. వేళ్ళు దూరే చోట బరమతో వరుసగా రంధ్రాలు వేశారు. మిగిలింది ఉలితో తీశారు.

పిడి అంచులు గుండ్రం చేయకముందే రేకుకు గాడి కోయాలి. చెక్క చదునుగా ఉంటేనే గాడి నిటారుగా వస్తుంది. గాడి సన్నగా ఉండాలి. వెడల్పైతే రేకు ఊగుతుంది. రేకును గాడిలో పెట్టి, దాని రంధ్రాల్లోంచే చెక్క మీద గుర్తు పెట్టాలి. అందాజగా వేస్తే మర పట్టదు.

తర్వాత ఆకురాయితో, గరుకు కాగితంతో నునుపు చేశారు. అవిసె నూనె పలచగా రుద్ది ఆరబెట్టారు. పాత మరలే బిగించారు.

పిడిలో మూడు వేళ్ళే పెట్టాలి. చూపుడు వేలు రేకు వైపు చాపాలి. అప్పుడు కోత వంకర పోదు.

జాతరకు పందిరి లేచింది. మళ్ళీ ఎవరి వేలూ తెగలేదు.

మీ ఇంటి చూరులోనూ పిడి విరిగిన రంపం ఉందేమో దించి చూడండి. రేకు బాగుంటే పారేయకండి.