జామ, నేరేడు, జామాయిలు – ఒకే కుటుంబపు చెట్లు



మీ పెరటిలోని జామ, చెరువుగట్టు మీది నేరేడు, మెట్టచేలలో పెంచే జామాయిలు, వంటింటి డబ్బాలోని లవంగం – ఈ నాలుగూ చుట్టాలంటే నమ్ముతారా? వృక్షశాస్త్రజ్ఞులు వీటిని ‘మిర్టేసి’ అనే ఒకే కుటుంబములో చేర్చినారు. మనం జామ కుటుంబము అనుకుందాము. ఈ చుట్టరికం తెలిస్తే రైతుకు ఒరిగేదేమిటి అని మీరడగవచ్చును. కొమ్మ ఎక్కడ కోయవలెనో, ఎక్కడ కోయరాదో తెలుస్తుంది. అది కాపుకు సంబంధించిన మాట.

ముందు గుర్తులు చూద్దాము. జామ లేతకొమ్మ ఒకటి తుంచండి. అది నాలుగు పలకలుగా ఉంటుంది. ఆకులు జంటలుగా, ఎదురెదురుగా ఉంటవి. లేత ఆకును ఎండకెదురుగా పట్టి చూడండి. సన్నని చుక్కలు కనబడును. అవి తైలపు తిత్తులు. ఆకు నలిపినప్పుడు వచ్చే వాసన వాటిదే. నిమ్మ ఆకులోనూ చుక్కలున్నవి గదా అంటారేమో! నిజమే. కాని నిమ్మ ఆకులు జంటలుగా రావు. ఒకటి తరువాత ఒకటి వస్తవి.

ఇక పువ్వు. రేకులు త్వరగా రాలిపోతవి. కుంచెవలె కనబడేవి లెక్కకు మిక్కిలిగా ఉండే కేసరములు. పువ్వు అడుగుభాగమే కాయగా ఊరుతుంది. అందుకే జామకాయ కొసన పూవు తొడుగు ఎండి అంటుకొని ఉంటుంది. జామాయిలు మొగ్గకు టోపీవంటి మూత ఉన్నది. అది ఊడిపడితే గాని పువ్వు విచ్చదు. దీని లేతమొక్కలో ఆకులు జంటలుగా ఉన్నా, ముదిరిన చెట్టులో విడివిడిగా వస్తవి. లవంగమైతే విచ్చని మొగ్గయే. దాని తలమీది గుండు, విప్పుకోని రేకులే.

కుటుంబమొకటైనా పూత వచ్చే చోటు ఒకటి కాదు. అసలు సంగతి ఇక్కడ ఉన్నది. జామ పూత కొత్తగా వేసిన చిగుళ్లలో, ఆకు మొదట్లో వస్తుంది. కొత్త చిగురు లేకపోతే పూత లేదు. నేరేడు అట్లా కాదు. దాని పూగుత్తులు మార్చి, ఏప్రిల్ నెలలలో ఎక్కువగా ఆకుల దిగువన, వెనుకటి రెమ్మల మీద వస్తవి.

నేనెరిగిన ఒక రైతుకు రెండు చెట్లూ ఉన్నవి. జామకు కొమ్మలు కత్తిరిస్తే కాపు బాగా వచ్చిందని, ఫిబ్రవరిలో నేరేడు రెమ్మలనూ తెగ కోయించినాడు. పూత రావలసిన రెమ్మలే పోయినవి. ఆ వేసవి చెట్టుక్రింద ఏరుకొనుటకు నాలుగు పండ్లు లేవు. తప్పు కత్తిది కాదు, చెట్టును చూడకపోవుట.

కనుక నేరేడుకు ఎండిన కొమ్మలు, ఒకదానినొకటి రాసుకునే కొమ్మలు తీస్తే చాలును. జామకు మాత్రం కత్తిరింపు మేలు చేస్తుంది. వానకాలపు జామకాయ నీరుపట్టి చప్పగా ఉంటుంది. పండుఈగ పురుగు కూడా చేరుతుంది. శీతకాలపు కాయకు రుచి, ధర రెండూ ఉంటవి. అందుకని ముదురుతోటలకు వేసవిలో నీరు ఆపి, మే నెలలో కొమ్మల కొసలు జానెడు మేర కత్తిరించండి. తరువాత పాదులు చేసి, ఎరువు వేసి, జూన్‌లో నీరు పెట్టండి. చిగురుతోపాటు పూత వస్తుంది; నవంబరు మొదలు కాయ అందుతుంది. లేతతోటలకు నీరు ఆపరాదు. ఇసుకనేలల్లో చెట్టు త్వరగా వాడుతుంది. రోజూ కనిపెట్టి చూడవలెను.

జామాయిలుది మరొక దారి. నేలకు దగ్గరగా కొట్టినా మోడునుంచి చిగురిస్తుంది. బలమైన పిలకలు ఒకటి రెండు ఉంచి, తక్కినవి తీసివేయండి.

విస్తరణ సిబ్బందికి ఒక మనవి. రైతుకు కత్తిరింపు చెప్పబోయే ముందు, ఆయనను చెట్టువద్దకు తీసుకొనిపోయి పూత ఎక్కడ వచ్చిందో చూపించండి. ఒకసారి కంటితో చూచినది మరచిపోరు. రేపు ఉదయం మీరూ మీ చెట్టుకొమ్మ ఒకటి వంచి చూడండి. సెలవు.