మ్యూజియం మనది కావాలంటే



అరకు గిరిజన మ్యూజియం మీలో చాలామంది చూసే ఉంటారు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజుతో కలిసి చింతపల్లి పోలీస్ స్టేషన్ మీదికి నడిచిన మనవాళ్ల గుర్తుగా తాజంగిలోనూ మ్యూజియం తలపెట్టారు.

భవనం ప్రభుత్వం కడుతుంది. అంబలి పట్టుకెళ్లే సొరకాయ బుర్రను ఎలా ఎండబెడతారో, దాన్ని మన భాషలో ఏమంటారో చెప్పాల్సింది మీ అవ్వే. ఆమెను ఇప్పుడే అడగకపోతే అద్దాల వెనుక బుర్ర మిగులుతుంది, పేరు మిగలదు. గంటం దొర, మల్లు దొర పేర్లు మనకు తెలుసు. వాళ్ల వెంట నడిచిన మన ఊరివాళ్ల పేర్లు ఎన్ని తెలుసు?

ఈ సెలవులకు ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లండి. వస్తువు పేరు, చేసినవారి పేరు, ఊరు రాసుకురండి. చరిత్ర, పురావస్తు శాస్త్రం చదవండి. రేపు టికెట్ కౌంటర్లోనే కాదు, క్యూరేటర్ కుర్చీలోనూ మనవాళ్లు కూర్చోవాలి.