పారేసే ముందు లెక్కపెట్టండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నిర్వాహకులు నాకు పది నిమిషాలిచ్చి, పిల్లలకు పనికొచ్చేదేదైనా చెప్పమన్నారు. నేను నీలం కోళ్ళ గురించి చెబుతాను. నవ్వకండి. ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేసే నాకు ఇంతకన్నా మంచి పాఠం మరోచోట దొరకలేదు.

నీలం కోడి అనగానే పాలపిట్ట రెక్కను ఊహించుకోకండి. పాలపిట్టలో కనిపించే నీలం ఏ రంగు పదార్థం వల్లా వచ్చింది కాదు. ఈకలోని అతి సూక్ష్మమైన నిర్మాణం కాంతిని చెదరగొట్టడం వల్ల మనకు అలా కనిపిస్తుంది. సర్ సి.వి. రామన్ 1930లలో పాలపిట్ట ఈకలను ఈ దృష్టితోనే పరిశీలించారు. కోడి సంగతి వేరు. కోళ్ళ పెంపకందార్లు నీలం అనేది నిజానికి పలుచబడిన నలుపు. మనం చిన్నప్పుడు రాసుకున్న పలక రంగు అనుకోండి.

ఈ రంగుకు పేరుపడ్డ జాతి ఆండలూసియన్. దీని పేరు స్పెయిన్ దేశపు దక్షిణ ప్రాంతం పేరే. పందొమ్మిదో శతాబ్ది మధ్యనాటికి ఈ కోళ్ళు ఇంగ్లండు చేరాయి. పలక రంగు ఒళ్ళు, ప్రతి ఈకకూ చీర అంచులా ముదురు అంచు. పోటీల్లో బహుమతి ఆ రంగుకే. అందుకని పెంపకందార్లు మంచి నీలం పుంజును, మంచి నీలం పెట్టను జతకట్టేవారు. అయినా పిల్లల్లో సుమారు సగమే నీలం. మిగిలినవాటిలో కొన్ని నల్లవి, కొన్ని మచ్చలున్న మాసిన తెల్లవి. ఈ రెండు రకాలనూ పనికిరానివని ఏరి పారేసి, మళ్ళీ నీలాన్ని నీలంతోనే కలిపేవారు. తరాలు గడిచినా అదే తంతు. రంగు నిలవలేదు.

మెండెల్ 1866లో ప్రచురించిన బఠానీ పరిశోధన 1900లో మళ్ళీ వెలుగులోకి వచ్చింది. దాన్ని జంతువులకు అన్వయించి చూసినవారిలో ఇంగ్లండుకు చెందిన విలియం బేట్‌సన్ ముందువరుసలో ఉన్నారు. ఆయన, ఆయన సహచరుడు రెజినాల్డ్ పనెట్ కోళ్ళ మీద పనిచేశారు. మీరు పాఠంలో గీసే పనెట్ చదరం ఈయన పేరు మీదిదే. వీళ్ళు పనికిరాని పిల్లలను పారేయలేదు. లెక్కపెట్టారు. నీలాన్ని నీలంతో కలిపితే నాలుగింట ఒకవంతు నలుపు, రెండు వంతులు నీలం, ఒకవంతు మచ్చల తెలుపు. ఆ తరువాత అసలు విషయం తేలింది. పనికిరాదన్న నలుపును పనికిరాదన్న మచ్చల తెలుపుతో జతకడితే పిల్లలన్నీ నీలమే!

కారణం చాలా సులభం. ప్రతి కోడికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున ఈ జన్యువు ప్రతులు రెండుంటాయి. రంగును పలుచన చేసే ప్రతి ఒక్కటీ లేకపోతే నలుపు. ఒకటుంటే నీలం. రెండూ అవే అయితే మచ్చల తెలుపు. అంటే నీలం కోడి ఎప్పుడూ మిశ్రమమే. స్వచ్ఛమైన జాతి అని బహుమతి అందుకున్న పక్షి, ఆ రంగు విషయంలో స్వచ్ఛం కానే కాదు. ఎన్ని తరాలు ఏరినా నీలానికి నీలం మాత్రమే పుట్టేలా చేయడం ఈ జన్యువుతో సాధ్యం కాదు. లావెండర్ అనే మరో రంగు చూడటానికి దీనికి దగ్గరగా ఉంటుంది కానీ, దాని జన్యువు వేరు. అది తరతరాలా నిలుస్తుంది.

మరి పెంపకందార్లకు ఇది ఎందుకు తట్టలేదు? వాళ్ళ దొడ్లలోనే సమాధానం ఉంది. కానీ లెక్కకు ముందే సగం పిల్లలు వెళ్ళిపోయాయి. పైగా చిన్న లెక్కలు మోసం చేస్తాయి. నీలం జంటకు నాలుగు పిల్లలే పుడితే, నాలుగూ నీలమే కావడానికి పదహారింట ఒక అవకాశం ఉంది. అలాంటి పొదుగు చూసినవాడు రంగు కుదిరిందని సంబరపడతాడు. మరుసటి పొదుగులో నల్లపిల్ల కనబడితే పెట్టను తప్పుపడతాడు.

అలాగని జన్యువు తెలిస్తే చాలు, మేలైన నీలం వచ్చేస్తుందనుకోకండి. ఈ జన్యువు ప్రధానంగా నలుపునే పలుచన చేస్తుంది. మెడ ఈకల్లో ఎరుపు దాగి ఉంటే అది నీలంలోనూ తొంగిచూస్తుంది. కాబట్టి మంచి నీలం కావాలంటే ముందు మంచి నలుపు ఉండాలి. ఈక అంచు వేరే జన్యువుల పని. నల్లకోడిలో నల్ల అంచు కంటికి కనిపించదు కదా! దానిలో ఏముందో దాని పిల్లలను చూసే తెలుసుకోవాలి. కాలికి రింగు వేసి, ఏ జంట పిల్లలో రాసుకోవాలి. నీలాన్ని నీలంతో కలిపే పద్ధతిని నేటికీ పూర్తిగా వదలకపోవడానికి ఒక కారణం, అంచు కంటికి కనిపించేది అందులోనే.

మా విభాగంలో కొత్తగా చేరిన ఇంజనీర్లకు నేను మొదట చూపించేది తిరస్కరించిన ముక్కల తొట్టిని. పాసైన ముక్క పనికొస్తుందంతే. పోయిన ముక్క ఎక్కడ, ఎందుకు పోయిందో చెబుతుంది. అది తుక్కులోకి పోకముందే దాని లెక్క రాసుకోవాలి.

పిల్లలు కోళ్ళు కారు. ఒక్క జన్యువుతో తేలే లెక్కా కాదు వాళ్ళది. వాళ్ళను నలుపు, నీలం అని విడదీయమని నేననడం లేదు. నేను అడిగేది వాళ్ళ రికార్డు పుస్తకాల గురించి. ప్రయోగం ఫలితం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాకపోతే కొట్టేసి, పక్కవాడి అంకెలు ఎక్కించడం మనందరికీ తెలిసిన విద్యే. ఆ కొట్టేసిన అంకెలే నల్లపిల్లలు.

అందుకని మన సంఘానికి ఒక విన్నపం. మొదటి ర్యాంకు బహుమతి ఎలాగూ ఉంది. దానితోపాటు, వచ్చింది వచ్చినట్టు రాసిన రికార్డు పుస్తకానికి ఏటా ఒక బహుమతి పెడదాం. దాని ఖర్చు నేను భరిస్తాను.

సైన్సు మాస్టార్లకు మరో మాట. రేపు తరగతిలో ఇద్దరు పిల్లలకు చెరో రూపాయి బిళ్ళ ఇచ్చి ఒకేసారి ఎగరేయించండి. రెండూ బొమ్మ అయితే నలుపు, రెండూ బొరుసు అయితే మచ్చల తెలుపు, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు అయితే నీలం. నాలుగుసార్లు వేసి ఆపి, ఏం తేలిందో అడగండి. తరువాత 100 సార్లు వేయించండి. ఒక్క అంకె కూడా కొట్టేయనివ్వకండి.