తిరిగి రాని బాణం: సీక్వెన్స్ డయాగ్రమ్ ఎందుకు గీయాలి?

పోయిన ఎపిసోడ్‌లో క్లాస్ డయాగ్రమ్ చూశాం కదా. ఏ ఆబ్జెక్ట్‌లో ఏముందో అది చెబుతుంది. కానీ ఎవరు ఎవరిని ఏ వరుసలో పిలుస్తారో చెప్పదు. దానికే సీక్వెన్స్ డయాగ్రమ్. నిజం చెప్పాలంటే, కాలేజీలో నాకిది ఐదు మార్కుల ప్రశ్న, అంతే. ఉద్యోగంలో దెబ్బ తగిలాక గానీ దీని సంగతి అర్థం కాలేదు.

మొదటి ఉద్యోగంలో మేం బస్ టికెట్ల యాప్ చేసేవాళ్లం. సంక్రాంతి ముందు ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఊరికి పోను, రాను కలిపి యాప్ వాలెట్‌లో 1,300 రూపాయలు వేసుకున్నాడు. టికెట్ 640. వచ్చింది ఒక్క టికెట్టే, కట్ అయింది మాత్రం 1,280. "అన్నా, మళ్లీ నేను తిరిగి ఎట్లా రావాలి?" అన్నాడు. ఆ కోడ్ రాసింది నేనే. నోట మాట రాలేదు.

కోడ్ రెండుసార్లు చదివాను. ఏ లైన్‌కి ఆ లైన్ కరెక్ట్‌గానే ఉంది! అప్పుడు మా సీనియర్ అక్క మార్కర్ చేతిలో పెట్టి, "కోడ్ పక్కన పెట్టు, ముందు బోర్డు మీద గీయి" అంది.

మీరూ ఒక పేపర్ తీసుకోండి. పైన వరుసగా నాలుగు డబ్బాలు: యూజర్, యాప్, బుకింగ్ సర్వీస్, వాలెట్ సర్వీస్. ఒక్కో దాని కింద నిలువుగా డ్యాష్ డ్యాష్‌గా ఒక గీత, అదే లైఫ్‌లైన్. టైమ్ పై నుంచి కిందికి నడుస్తుంది. ఒకరు ఇంకొకరిని పిలిస్తే అడ్డంగా బాణం. మొన నిండుగా ఉంటే, పిలిచినవాడు జవాబు కోసం ఆగుతాడు. జవాబు మాత్రం డ్యాష్ గీతతో వెనక్కి వస్తుంది. ఈ గుర్తులు యూఎంఎల్‌వి. 1997లో స్టాండర్డ్ అయింది.

నేను గీశాను. యాప్ నుంచి బుకింగ్‌కి "బుక్ చెయ్", బుకింగ్ నుంచి వాలెట్‌కి "640 కట్ చెయ్", వెనక్కి "ఓకే". అక్క ఆ "ఓకే" బాణం మీద వేలు పెట్టి, "ఇది రాకపోతే ఏం చేస్తావ్ రా?" అని అడిగింది.

అక్కడ దొరికింది తప్పు. పండగ రష్‌లో వాలెట్ డబ్బు కట్ చేసింది గానీ జవాబు లేటయింది. టైమౌట్ అయిందని నా కోడ్ మళ్లీ "కట్ చెయ్" అని పంపింది. పాపం, వాలెట్‌కి అది కొత్త రిక్వెస్ట్. ఇంకోసారి కట్ చేసేసింది. కోడ్‌లో ఆ రీట్రై వేరే ఫైల్‌లో ఎక్కడో ఉంది, అందుకే నా కంటికి ఆనలేదు. బొమ్మలో మాత్రం రెండు బాణాలు ఒకదాని కింద ఒకటి!

తర్వాత ఆ బాణాల చుట్టూ ఒక పెట్టె గీశాం, మూలన "ఆల్ట్" అని రాసి. అంటే ఇదైనా జరగొచ్చు, అదైనా జరగొచ్చు. మాకు మూడు గదులు వచ్చాయి: ఓకే వచ్చింది, డబ్బు చాలలేదు, అసలు జవాబే రాలేదు. ఆ మూడో గది కోసమే బుకింగ్ నంబర్‌ని కూడా వాలెట్‌కి పంపడం మొదలుపెట్టాం. అదే నంబర్ మళ్లీ వస్తే వాలెట్ ఇంకోసారి కట్ చేయదు, పాత జవాబే ఇస్తుంది. దీన్నే ఐడెంపోటెన్సీ అంటారు. పేరు పెద్దది గానీ పని ఇంతే.

కమ్యూనికేషన్ డయాగ్రమ్ కూడా ఇదే కథని 1, 1.1 అని నంబర్లేసి చూపిస్తుంది. ఎవరికి ఎవరితో లింక్ ఉందో దాంట్లో బాగా తెలుస్తుంది. కానీ ఇలాంటి టైమింగ్ గొడవలకి నేనైతే సీక్వెన్సే గీస్తాను. అలాగని ప్రతి చిన్న ఫంక్షన్‌కీ గీయకండి, గోడ నిండిపోతుంది, ఎవరూ చూడరు. డబ్బు, సీటు, ఓటీపీ లాంటివి చేతులు మారే చోట గీయండి.

ఆ కుర్రాడి 640 ఆ సాయంత్రమే వాలెట్‌లో తిరిగి వేశాం. అప్పటికి తిరుగు బస్సులో సీట్లు అయిపోయాయి.

మూడో గదిలో పడ్డ టికెట్‌కి స్క్రీన్ మీద ఏం చూపించాలి? బుక్ అయిందనా, కాలేదనా? దానికి స్టేట్ డయాగ్రమ్ కావాలి. వచ్చే ఎపిసోడ్‌లో గీద్దాం. ఈ పేపర్ పారేయకండి, ఉంటాను మరి.