ఈ పూట వాన, ఈ నేల వాన



ఇంకో పది రోజుల్లో మృగశిర కార్తె వస్తుంది. మన అనంతపురం వైపు ఒక జల్లు పడిందంటే చాలు, మగవాళ్ళు గొర్రు బయటికి తీస్తారు. విత్తనం కాయలు ఒలిచేది మనమే. వేళ్ళు పుండ్లు పడేదాకా ఒలుస్తాం. ఆ కాయలకు తెచ్చిన అప్పు కూడా చాలాసార్లు మన పేరు మీదే ఉంటుంది. కాబట్టి వాన సంగతి మనకూ తెలియాలి.

ఈ రోజు రెండు మాటలు నేర్చుకుందాం. ఒకటి వాతావరణం. రెండోది శీతోష్ణస్థితి. రెండో మాట పలకడానికి కష్టమే. విడదీసి చదవండి. శీతం అంటే చలి. ఉష్ణం అంటే వేడి. స్థితి అంటే ఉన్న తీరు.

పొద్దున ఎండ కాసింది. సాయంత్రం గాలిదుమారం లేచింది. రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. ఇది వాతావరణం. పూటపూటకూ మారుతుంది. రేడియోలో, టీవీలో 'రేపు వాన పడవచ్చు' అని చెప్పేది దీని గురించే.

శీతోష్ణస్థితి అలా కాదు. ఒక ప్రాంతంలో ఏళ్ళ తరబడి ఎండ, వాన, చలి ఏ తీరుగా ఉంటున్నాయో అది చెబుతుంది. మామూలుగా 30 ఏళ్ళ లెక్క తీస్తారు. మన పెద్దలు కార్తెల్లో చెప్పుకున్నది ఇదే. రోహిణిలో రోళ్ళు పగులుతాయి అన్నారు. అంటే రోహిణిలో చినుకే పడదని కాదు. ఎక్కువ ఏళ్ళు ఎండలే చూశారు, అందుకే అన్నారు.

మన నేల తీరు ఏమిటి? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. మంగళూరు వైపు 3,000 దాటుతుంది. ఎందుకింత తేడా? అరేబియా సముద్రం మీది మేఘాలకు పడమటి కనుమలు అడ్డం. కొండ ఎక్కేటప్పుడు మేఘం చల్లబడి అక్కడే కురుస్తుంది. కొండ దిగి మన దాకా వచ్చేసరికి గాలి మిగులుతుంది, తడి తగ్గిపోతుంది. తూర్పు సముద్రం వానలు కూడా ఇక్కడికి చేరేసరికి పలచబడతాయి. ఇందులో ఎవరి పాపమూ లేదు, శాపమూ లేదు.

మరి 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలో ఇళ్ళు మునిగాయి గదా? మునిగాయి. అది ఆ నాలుగు రోజుల వాతావరణం. ఆ ఒక్క వానను చూసి, ఇక మనది వానల సీమ అనుకుని వరి నాటితే ఏం కావాలి?

నేల తీరు కూడా మెల్లగా మారుతోంది. 1901 నుంచి 2018 లోపు మన దేశంలో సగటు వేడి 0.7 డిగ్రీ పెరిగింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇది ఒక ఊరి లెక్క కాదు, ఒక రోజు లెక్క కాదు. దేశమంతా, ఏడాదంతా కలిపిన లెక్క. బొగ్గు, డీజిలు, పెట్రోలు మండితే వచ్చే వాయువులు వేడిని పట్టి ఉంచుతాయి. ముఖ్య కారణం అదే.

ఏ పంట వేయాలో నేల తీరు చూసి అనుకోవాలి. కొర్ర, సజ్జ, జొన్న తక్కువ వానకు ఓర్చుకుంటాయి. శెనక్కాయ సాళ్ళ మధ్య కంది వేస్తే, కాయ దెబ్బతిన్నా కంది దక్కవచ్చు. ఏ రోజు విత్తాలో మాత్రం ఆ రోజుల వాతావరణం చూడాలి. తొలి జల్లుకే తొందరపడితే మొలక వచ్చి మాడిపోతుంది. మళ్ళీ విత్తనం, మళ్ళీ అప్పు! మట్టి తవ్వి చూడండి. జానెడు లోతు తడిస్తేనే పదును.

వానను మనమే కొలవవచ్చు. అడుగూ మూతీ ఒకే వెడల్పు ఉన్న డబ్బా తీసుకోండి. చెట్టు కింద కాదు, బయల్లో పెట్టండి. వాన వెలిశాక స్కేలు నిలబెట్టి చూడండి. రెండు సెంటీమీటర్లు నిండితే 20 మిల్లీమీటర్ల వాన. తేదీ వేసి నోటుబుక్కులో రాయండి. ఇప్పుడు మనకు అంకెలు వచ్చు గదా! రాశాక డబ్బాలో నీళ్ళు పారబోయాలి. లేకపోతే రేపటి వాన ఇవాళ్టి వానలో కలిసిపోతుంది.